అన్నమయ్య మాట, గరిమెళ్ల బాణీ

తిరుపతిలో అన్నమయ్య పాట అనగానే చెవిలో మోగేది చాలాసార్లు గరిమెళ్ల బాలకృష్ణ ప్రసాద్ కట్టిన బాణీయే. మాట 15వ శతాబ్దపు అన్నమయ్యది, బాణీ మన కాలానిది.

తాళ్లపాక కవుల కీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల ఆలయంలోని అరలో దాచారు. రేకు మీద రాగం పేరు ఉంటుంది, స్వరం ఉండదు. 20వ శతాబ్దంలో అవి అచ్చులోకి వచ్చేసరికి వేల పాటలు చేతికొచ్చాయి గానీ, వాటిని ఎలా పాడేవారో చెప్పేవారు లేరు. అనంతపురం జిల్లా వాడైన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ కొన్నింటికి స్వరాలు కూర్చారు. 1978లో తిరుమల తిరుపతి దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టు పెట్టింది. 1948లో రాజమండ్రిలో పుట్టిన బాలకృష్ణ ప్రసాద్ ఆ ఏడే దేవస్థానంలో చేరి 2006 దాకా పనిచేశారు. 600కు పైగా కీర్తనలకు బాణీలు కట్టారు. 2025 మార్చి 9న తిరుపతిలోనే కన్నుమూశారు.

ఆయన నేదునూరి కృష్ణమూర్తి దగ్గర కర్ణాటక సంగీతం నేర్చుకున్నవారు. కచేరీ కట్టడి తెలిసి కూడా, నలుగురూ కలిసి అందుకునేలా పాట నడిపించారు. ‘వినరో భాగ్యము విష్ణుకథ’ చూడండి: ఒకరు ఎత్తుకుంటే గుంపు తిరిగి పాడొచ్చు. సంగీతం నేర్వని గొంతు కూడా అందులో ఇమిడిపోతుంది. చిత్తూరు పల్లెల్లో భజన గుళ్లలో, కోలాటాల్లో ఈ పాటలు నిలబడటానికి కారణం అదేనని మేము అనుకుంటున్నాం.

అయితే పాట అందరిదైతే వేదిక కూడా అందరిదైనట్టేనా? తాళ్లపాక పాటల్లో ‘బ్రహ్మమొకటే’ బ్రాహ్మణుడి కాలి కిందా చండాలుడి కాలి కిందా ఉన్న మట్టిలో తేడా లేదంటుంది. (సమానమని చెప్పడానికి కూడా ఆ తిట్టుపేరే కావాల్సి వచ్చింది.) ఆ మాట పుట్టిన నాలుగు వందల ఏళ్లకు గానీ, 1947 మద్రాసు చట్టంతో గానీ, ఈ జిల్లా గుళ్ల తలుపులు దళితులకు చట్టప్రకారం తెరుచుకోలేదు. ఆ తర్వాత ఆరు దశాబ్దాలకు ‘దళిత గోవిందం’ పేరుతో దేవస్థానమే ఉత్సవ విగ్రహాలను దళితవాడకు తెచ్చింది.

దేవుడు వాడకు వచ్చాడు, పాట మైకులో అంతకుముందే వచ్చింది. వాడలోని పలక మాత్రం కీర్తన పక్కన కూర్చోలేదు. మృదంగానికి తోలు బిగించే దళిత కుటుంబాల గురించి టి.ఎం. కృష్ణ 2020లో ఏకంగా ఒక పుస్తకమే రాశారు. ఆ చేతులు లేకుండా కచేరీ లేదు. బాలకృష్ణ ప్రసాద్ బాణీల మీద పరిశోధన చేసేవారు రాగాలు లెక్కపెట్టడంతో ఆగకుండా, వాటిని ఏ ఊళ్లో ఎవరు పాడుతున్నారో, పక్కన ఎవరు వాయిస్తున్నారో కూడా రాసి పెట్టాలి. మేము ఆ పని భజన గుళ్ల నుంచే మొదలుపెట్టాం.