బడిస్నేహాలకు ఒక గది: దైనందిన జీవిత ఆనిమే, కామాటిపుర నాటకం

ఆనిమే అంటే జపాన్‌లో తయారయ్యే యానిమేషన్ సినిమాలు, సీరియళ్లు. అందులో యుద్ధాలు, మాయలు, మహావీరులు లేకుండా మామూలు రోజులనే కథగా మలిచే శాఖను జపాన్‌లో నిచిజోకేయ్ అంటారు. తెలుగులో దైనందిన జీవిత ఆనిమే అనవచ్చు. ఈ శాఖలో ఎక్కువ కథలు హైస్కూలు పిల్లలవి. పరీక్షలు, టిఫిన్ డబ్బాలు, రైలు ప్రయాణాలు, సాయంత్రం క్లబ్బు, వీటి నడుమ స్నేహితులు ఒకరినొకరు నొప్పించుకోవడం, అసూయపడటం, మాట మానేయడం, క్షమాపణ అడగడానికి నోరు రాక తిప్పలు పడటం. ఇవే ఇక్కడ సంఘటనలు. పిల్లల మనసులో జరిగేదాన్ని ఈ కథలు ఇంత నమ్మకంగా చూపడానికి చిత్రకారుల నేర్పు ఒక కారణం. పెద్దల కంటికి దూరంగా పిల్లలు మాట్లాడుకునే చోటు ఆ కథల్లో ఉండటం అంతకంటే పెద్ద కారణం. ముంబయిలోని కామాటిపురలో పిల్లలకు కరువైనది అలాంటి చోటే. అది దొరికాక అక్కడి అమ్మాయిలు కొందరు తమ కథను తామే రంగస్థలం మీదికి తెచ్చారు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తేనే బడి వయసు స్నేహాల కథకు ఏం కావాలో తెలుస్తుంది.

క్లబ్బు గది

జపాన్ టీవీలో రోజువారీ బతుకు కథలు కొత్తవి కావు. 1969 అక్టోబరు 5న మొదలైన ‘సజాయె-సాన్’ ఒక మామూలు కుటుంబం ముచ్చట్లతో నేటికీ నడుస్తూ, ప్రపంచంలో అత్యధిక కాలం ప్రసారమైన యానిమేషన్ సీరియల్‌గా గిన్నిస్ పుస్తకానికెక్కింది. కథను ఇంట్లోంచి హైస్కూలుకు మళ్లించిన వాటిలో ముఖ్యమైనది కియోహికో అజుమా గీసిన ‘అజుమాంగా దాయ్ఓ’. 1999 నుంచి 2002 దాకా బొమ్మల కథగా వచ్చి, 2002లో సీరియల్ అయింది. 2009లో క్యోటో యానిమేషన్ సంస్థ తీసిన ‘కె-ఆన్!’ ఈ శాఖను ఇంటింటికీ చేర్చింది. దర్శకురాలు నవోకో యమదాకు అదే తొలి సీరియల్. బడిలో సంగీతం క్లబ్బు పెట్టుకున్న అమ్మాయిలు సాధన చేసే సమయం కంటే టీ తాగుతూ కబుర్లాడే సమయమే ఎక్కువ. పెద్ద కథేమీ లేదు. అయినా పై తరగతి వాళ్లు బడి వదిలి వెళ్లేనాడు ఒక్క ఏడాది చిన్నదైన అజుసా తట్టుకోలేక ఏడుస్తుంటే, అన్ని వారాలూ ఏమీ జరగనట్టున్న ఆ గదిలో ఎంత జరిగిందో చూసేవారికి అర్థమవుతుంది.

ఆ గది కల్పన కాదు. జపాన్ బడుల్లో తరగతులు ముగిశాక క్లబ్బుల వేళ ఉంటుంది. ఆటలు, సంగీతం, సాహిత్యం, ఏదో ఒకదానిలో చేరి పిల్లలు పొద్దుపోయేదాకా బడిలోనే ఉంటారు. తరగతి గదులు ఊడ్చి తుడిచేదీ పిల్లలే. బడి వారికి రెండో ఇల్లు. ఆ ఇంట్లో అమ్మానాన్నలు ఉండరు. ఈ సీరియళ్లలో తల్లిదండ్రులు తెర మీద అరుదుగా కనిపించడాన్ని లోపమనేవారున్నారు. నిజానికి ఆ ఖాళీయే పిల్లల మాటలకు చోటిచ్చింది.

మాట తెగిన చోట

యమదా 2016లో తీసిన సినిమా ‘ఎ సైలెంట్ వాయిస్’. యోషితోకి ఓయిమా ఏడు సంపుటాల బొమ్మల కథ దీనికి మూలం. వినికిడి లేని షోకో ఆరో తరగతిలో కొత్తగా చేరుతుంది. తోటి విద్యార్థి షోయా ఆమెను ఏడిపిస్తాడు, వినికిడి యంత్రాలు లాగి పారేస్తాడు. పెద్దలు నిలదీసిన రోజున, అప్పటిదాకా కలిసి నవ్విన వాళ్లంతా నేరమంతా అతని మీదికే నెట్టి తప్పుకుంటారు. మర్నాటి నుంచి ఏకాకి అతనే. హైస్కూలుకు వచ్చేసరికి షోయా ఎవరి ముఖంలోకీ చూడలేడు. అందుకని సినిమాలో అతని చుట్టూ ఉన్నవారి ముఖాల మీద పెద్ద ఇంటూ గుర్తులు అతికించి ఉంటాయి. ఎవరితోనైనా చనువు కుదిరితే ఆ గుర్తు ఊడి రాలిపోతుంది. అతను తల వంచుకునే తిరుగుతాడు గనుక కెమెరా కూడా కాళ్లనూ చేతులనూ ఎక్కువగా చూపుతుంది. ఒంటరితనం గురించి పేజీలకొద్దీ చెప్పేదాన్ని ఈ ఒక్క ఉపాయం చెప్పింది.

ఈ సినిమాలో నిలిచిపోయే పాత్ర మరొకటి ఉంది, షోయా తరగతి పిల్ల కవాయి. తానెవరినీ ఏమీ అనలేదని ఆమె నిజంగానే నమ్ముతుంది. పక్కన నిలబడి నవ్విన సంగతి ఆమెకు గుర్తుండదు. ప్రతి తరగతిలోనూ ఉండే ఇలాంటి పిల్లను దుష్టపాత్ర చేయకుండా, కడిగి మంచిదాన్నీ చేయకుండా ఉన్నదున్నట్టు నిలబెట్టడం కష్టమైన పని.

అత్సుకో ఇషిజుకా దర్శకత్వంలో 2018లో 13 భాగాలుగా వచ్చిన ‘ఎ ప్లేస్ ఫర్దర్ దాన్ ది యూనివర్స్’లో నలుగురు అమ్మాయిలు అంటార్కిటికాకు బయలుదేరతారు. దాని అసలు బలం మంచులో లేదు, అయిదో భాగంలో ఒక గుమ్మం ముందు ఉంది. ప్రయాణం రోజు తెల్లవారే, నలుగురిలో ఒకరైన కిమారి ఇంటి ముందు చిన్ననాటి స్నేహితురాలు మెగుమి నిలబడి ఉంటుంది. నీ గురించి పుకార్లు పుట్టించింది నేనే అని ఒప్పుకుంటుంది. ఇన్నేళ్లూ నువ్వు నా మీద ఆధారపడుతున్నావనుకున్నాను, నిజానికి నిన్ను చిన్నదాన్ని చేసి చూసుకోవడం నాకే అవసరమైంది, ఇక మన స్నేహం చాలు అన్నది ఆమె మాటల సారం. కిమారి ఆమెను కావలించుకుని, ఆ తెగదెంపులు చెల్లవని చెప్పి పరుగున వెళ్లిపోతుంది. స్నేహితుల్లో ఒకరు ముందుకు వెళ్తుంటే వెనక మిగిలేవారికి కలిగే కుళ్లును ఇంత సూటిగా, ఆ అమ్మాయి మీద కోపం రానివ్వకుండా చూపిన కథ ఈ శాఖలో నేను మరొకటి చూడలేదు.

పదకొండో భాగం దీనికి ఎదురు. నలుగురిలో మరొకరైన హినాతా తన బడి పరుగుపందేల జట్టులో స్నేహితులే మోసం చేయడంతో చదువు మానేసిన పిల్ల. అంటార్కిటికా నుంచి ప్రత్యక్ష ప్రసారం ఏర్పాటైనప్పుడు ఆ పాత స్నేహితులే అవతలి తెర మీదికి వచ్చి నిలబడతారు. హినాతా మాట్లాడలేకపోతే ఆ నలుగురిలోనే ఉన్న షిరాసె ముందుకొచ్చి, మీరు చేసినదాని బరువు మీరే మోయండి, తేలిక చేసుకోవడానికి ఈమెను వాడుకోకండి అనే అర్థంలో తెగేసి చెబుతుంది. క్షమాపణ కోరగానే క్షమించేయాలనే ఆనవాయితీని ఇలా పక్కకు నెట్టడం వల్లే ఈ కథ పిల్లల పక్షాన నిలిచింది.

యమదాదే 2018 నాటి ‘లిజ్ అండ్ ది బ్లూ బర్డ్’ ఇంకా నెమ్మది. ఒబో వాయించే మిజోరె, ఫ్లూట్ వాయించే నొజోమి, దాదాపు మొత్తం సినిమా ఒకే బడి భవనంలో. మిజోరె ప్రతిభ తనకంటే చాలా పెద్దదని ఒక సాధన పూట నొజోమికి తెలిసిపోతుంది. తరువాత ఇద్దరూ ఎదురుపడినప్పుడు మిజోరె ఆమెను పట్టుకుని, నీలో ఇది ఇష్టం, అది ఇష్టం అంటూ ఒక్కొక్కటే చెబుతుంది. బదులుగా నొజోమి చెప్పేది ఒక్కటే, నీ ఒబో నాకిష్టం అని. అడిగినదొకటి, దొరికినదొకటి. ఎవరూ చెడ్డవారు కాదు.

బడికి వెళ్లని పిల్లలు

ఈ కథల వెనక జపాన్ సమాజంలో ఉన్న ఒక గాయం ఉంది. ఏడాదిలో 30 రోజులు, అంతకుమించి బడికి వెళ్లని పిల్లల లెక్క అక్కడి విద్యాశాఖ ఏటా తీస్తుంది. 2023 విద్యా సంవత్సరంలో ప్రాథమిక, మాధ్యమిక బడుల్లో అలాంటివారు 3,46,482 మంది. చిచిబు పట్టణం నేపథ్యంగా 2011లో వచ్చిన ‘అనోహనా’ సీరియల్ నాయకుడు జింతాన్ ఈ కోవ పిల్లవాడే. చిన్నప్పుడు చనిపోయిన స్నేహితురాలు మెన్మా మళ్లీ కనిపించడంతో, విడిపోయిన అయిదుగురు దోస్తులు తిరిగి కలుస్తారు. దయ్యం కథలా మొదలై, ఆ చావుకు తానే కారణమని ప్రతివారూ లోలోపల దాచుకున్న అపరాధభావం బయటపడటంతో ముగుస్తుంది. రచయిత్రి మారి ఒకాదా స్వయంగా చిచిబులో పెరిగి, ఏళ్ల తరబడి బడికి వెళ్లకుండా ఇంట్లో ఉండిపోయిన మనిషి. ఆ సంగతి తన ఆత్మకథలో రాసుకుంది.

కామాటిపుర ఖోలీ

జపాన్ పిల్లలకున్న ఆ గది కామాటిపురలో ఎందుకు లేదో తెలియాలంటే ముందు ఆ పేట పుట్టుక చూడాలి. పద్దెనిమిదో శతాబ్దం చివర వర్లీ దగ్గర సముద్రానికి అడ్డుకట్ట వేశాక బొంబాయి పల్లపు నేలలు ఆరాయి. ఆ నేలల్లో నైజాం ఇలాకా నుంచి వచ్చిన తెలుగు కూలీలు, కామాటీలు, కాపురం పెట్టిన పేటే కామాటిపుర. నగరం ఇళ్లూ రోడ్లూ కట్టిన చేతులు వారివి. పాలమూరు, నల్లగొండ, కరీంనగర్ వలసలు తరువాతి తరాల్లోనూ ఆగలేదు. అంకెలతో పిలిచే గల్లీల్లో చాళ్లు లేచాయి. పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో బ్రిటిష్ పాలకుల ఏలుబడిలో ఇదే పేట వేశ్యావాటికగా పేరుపడింది. అప్పటి నుంచి బయటివారు రాసినా తీసినా ఆ ఒక్క కథే. 2022లో విడుదలైన ‘గంగూబాయి కాఠియావాడి’ సినిమా మీద అంతకు ముందు ఏడాదే స్థానికులు నిరసన తెలిపారు. ఇక్కడ కాపురాలు చేసుకుంటున్న కుటుంబాలున్నాయి, బడికి వెళ్లే పిల్లలున్నారు అన్నది వారి బాధ. అది న్యాయమైన బాధ.

చాల్ అంటే వరుసగా ఖోలీలు, అంటే ఒంటిగది ఇళ్లు, ముందు అందరికీ కలిపి ఒక గ్యాలరీ. వంట, పడక, బీడీలు చుట్టడం, హోంవర్కు అన్నీ ఆ ఒక్క ఖోలీలోనే. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులూ నడిపింది గానీ, బడి వదిలాక పిల్లలు చేరేది మళ్లీ ఆ గ్యాలరీకే. అక్కడ గుసగుస కూడా పక్క ఖోలీకి వినిపిస్తుంది. పెద్దలు లేని గది దొరకదు. వేశ్యాగృహాల్లో పుట్టిన పిల్లలకైతే పొద్దుగూకాక ఆ ఖోలీ కూడా ఉండదు, తల్లి పని అక్కడే గనుక. ఈ అవసరాన్ని చూసి ప్రీతి పాట్కర్, ప్రవీణ్ పాట్కర్‌ల ‘ప్రేరణ’ సంస్థ 1988లో కామాటిపురలో రాత్రి సంరక్షణ కేంద్రం తెరిచింది. సాయంత్రం నుంచి మర్నాటి ఉదయం దాకా పిల్లలు అక్కడే తిని, చదువుకుని, పడుకునేవారు.

లాల్ బత్తీ ఎక్స్‌ప్రెస్

2010లో రాబిన్ చౌరాసియా, బానీ దాస్ మొదలుపెట్టిన ‘క్రాంతి’ సంస్థ ఇంకో అడుగు వేసింది. ముంబయి రెడ్‌లైట్ ప్రాంతాల అమ్మాయిలకు ఇల్లు, చదువుతో పాటు మానసిక చికిత్సనూ నిత్యావసరంగా చూసింది. అమ్మాయిల పుట్టుక తెలియగానే ఇల్లు ఖాళీ చేయమన్న ఇంటి యజమానులు వారికి ఎదురయ్యారు. అయినా హైస్కూలు వయసు పిల్లలు ఒకే కప్పు కింద, తమను నిందించని పెద్దల మధ్య, ఏళ్ల తరబడి కలిసి ఉండగలిగారు. కామాటిపురలో పెరిగిన శ్వేతా కట్టి 2013లో అమెరికాలోని బార్డ్ కళాశాలలో చదువుకు వెళ్లింది. ఆ ఏడాదే న్యూస్‌వీక్ పత్రిక ఆమెను గమనించదగ్గ పాతికేళ్ల లోపు యువతుల జాబితాలో చేర్చింది. 2016లో చౌరాసియా గ్లోబల్ టీచర్ ప్రైజ్ తుది పదిమందిలో నిలిచింది.

ఆ అమ్మాయిలు తమ బతుకుల నుంచే అల్లి ఆడిన నాటకం ‘లాల్ బత్తీ ఎక్స్‌ప్రెస్’. 2015లో అమెరికాలో, 2016లో ఎడిన్‌బరో ఫ్రింజ్ ఉత్సవంలో ప్రదర్శించారు. ఆనిమే పిల్లల కథల్లో తెర వెనక ఉండిపోయే తల్లి ఇక్కడ కథ నడుమ ఉంటుంది. తల్లి మీద ప్రేమ, తల్లి పని వల్ల బడిలో పడ్డ మాటలు, ఆ మాటలకు తల్లి మీదే వచ్చిన కోపం, ఆ కోపానికి సిగ్గు, ఇన్ని ముడులు ఒకే పిల్లలో ఉంటాయని ఇలాంటి కథలే చెబుతాయి. ఆనిమేలో పాత్రల వెనక ఒక రచయిత్రి ఉంటుంది, ఒకాదా లాంటి అనుభవజ్ఞురాలైనా సరే. ఇక్కడ నటించేదీ అనుభవించిందీ ఒకరే. ఈ తేడాను చిన్నదిగా చూడకూడదు. గాయాన్ని ఊరూరా మళ్లీ మళ్లీ ఆడి చూపడం బరువైన పని, దానికి తోడుగా చికిత్సా, స్నేహితులూ ఉండాలి.

తెలుగు తెర, తెలుగు డబ్బింగ్

ఇలాంటి స్నేహాల కథలను తెలుగులో వెతికితే దొరికేవి తక్కువ. తెలుగు సినిమాలో చదువుకునే వయసు కథలకు ‘హ్యాపీ డేస్’ (2007), ‘కొత్త బంగారు లోకం’ (2008) పేరు తెచ్చాయి. రెంటిలోనూ ప్రేమదే పెద్దపీట. వెంకటేష్ మహా తీసిన ‘కేరాఫ్ కంచరపాలెం’ (2018)లోని బడిపిల్లల భాగం, విశాఖలోని ఆ పేట మనుషులే నటించడం వల్ల, దైనందిన జీవిత పద్ధతికి బాగా దగ్గరగా వస్తుంది. ఇద్దరు అమ్మాయిల స్నేహమే మొత్తం కథగా నడిచే తెలుగు సినిమా మాత్రం అరుదు.

ఆనిమే తెలుగులోకి వస్తున్నా, వచ్చిన వాటిలో పోరాట కథలదే పెద్ద వాటా. 2025 సెప్టెంబరులో ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాసిల్’ తెలుగు డబ్బింగ్‌తో థియేటర్లలో ఆడింది. దైనందిన జీవిత శాఖ నుంచి ఒకటి ఎంచమంటే ముందు ఎంచవలసింది 2023లో పి.ఎ. వర్క్స్ సంస్థ తీసిన ‘స్కిప్ అండ్ లోఫర్’. సముద్రపు ఒడ్డున విసిరేసినట్టున్న చిన్న ఊరి పిల్ల మిత్సుమి హైస్కూలు చదువుకు టోక్యో వచ్చి, బంధువుల ఇంట్లో ఉంటుంది. మొదటి రోజే రైళ్ల దగ్గర దారి తప్పి బడికి ఆలస్యంగా చేరుతుంది. నగరం పిల్లలు ఆమెను వెక్కిరించరు, అలాగని వెంటనే కలుపుకోరు కూడా. పాలమూరు నుంచి వచ్చి బొంబాయిలో చిన్నాన్న ఖోలీలో దిగిన పిల్లలకు ఈ కథలో అర్థం కానిది ఏమీ ఉండదు.