21వ నంబరును వదలకు

1997 మే 28. మ్యూనిక్ ఒలింపిక్ స్టేడియం. చాంపియన్స్ లీగ్ ఫైనల్. నువ్వు పాల్ లాంబర్ట్‌వి. ఒంటి మీద డార్ట్‌మండ్ పసుపు చొక్కా, వీపున 14. బంతి సంగతి తర్వాత. ముందు ఆ 21వ నంబరు ఎక్కడున్నాడో చూసుకో.

జినెదిన్ జిదాన్. యువెంటస్ దాడి అతని కాళ్ల దగ్గరే పుడుతుంది. కోచ్ హిట్జ్‌ఫెల్డ్ అతన్ని నీకు అప్పగించాడు.

అసలు నువ్విక్కడికి ఎలా వచ్చావు? నిరుడు స్కాట్లండ్‌లో మదర్‌వెల్‌కి ఆడేవాడివి. కాంట్రాక్టు ముగిసిన ఆటగాడు పాత క్లబ్బుకు పైసా దక్కకపోయినా మరో దేశం వెళ్లొచ్చని 1995 డిసెంబరులో యూరప్ కోర్టు బోస్‌మన్ కేసులో తేల్చింది. నువ్వు ట్రయల్‌కి వచ్చావు. ఉంచేసుకున్నారు.

అదిగో, బంతి జిదాన్‌కి చేరింది. వీపు నీ ఛాతీకి ఆనుతోంది. కాలు చాచాలా? చాచావో, బంతిని అరికాలితో లాగి గిర్రున తిరిగి పోతాడు. ఆగు. తిరగనివ్వకు, చాలు. చివరికి వెనక్కి పాస్ ఇస్తాడు. ఈ పనికి స్కోరుబోర్డులో చోటుండదు, నన్నడిగితే గోల్ కొట్టడం కన్నా కష్టం.

29వ నిమిషం. కార్నర్ తిరిగొచ్చింది. కుడివైపున బంతి నీదే. తలెత్తి చూసి లోపలికి ఎత్తు. మీ స్ట్రైకర్ రీడ్లె ఛాతీతో ఆపాడు, తన్నాడు. గోల్! ఐదు నిమిషాలకు మళ్లీ అతనే, ఈసారి తలతో. 2-0.

విరామానికి ముందు జిదాన్‌కి సందు దొరికింది. కొట్టాడు. నీ గుండె ఆగింది. పోస్టు! బతికిపోయావు.

65వ నిమిషం. యువెంటస్ ఆటగాడు డెల్ పియెరో మడమతో తోశాడు. 2-1. కాళ్లు బరువెక్కాయి. వాళ్లు మీదికొస్తున్నారు. జిదాన్ ఏడీ? ఎడమన. పరుగెత్తు. అడ్డంపడు. మళ్లీ వచ్చాడు. నిలబడు. పడకు.

అంతలో మైదానంలోకి దిగింది లార్స్ రికెన్, ఇరవయ్యేళ్ల డార్ట్‌మండ్ కుర్రాడు. పదహారు సెకన్లకే, సహచరుడు మోల్లర్ పాస్ అందుకుని, ముందుకొచ్చిన గోల్‌కీపర్ పెరూజీ తల మీదుగా దూరం నుంచే లేపాడు. 3-1.

ఇంకా దాదాపు ఇరవై నిమిషాలుంది. జిదాన్‌ని వదలకు.

విజిల్! బ్రిటన్ బయటి క్లబ్బుతో చాంపియన్స్ లీగ్ గెలిచిన తొలి బ్రిటిష్ ఆటగాడివి నువ్వే. నవంబరులో గ్లాస్గో చేరి సెల్టిక్ చొక్కా తొడుక్కుంటావు. అక్కడా ఆపే పనే: ప్రత్యర్థి క్లబ్బు రేంజర్స్‌కి వరసగా పదో లీగ్ టైటిల్ దక్కకూడదు. దక్కనివ్వవు.