ఒకే మాతృక, రెండు పాఠాలు: ఓపెన్‌టోఫు ఫోర్క్ చరిత్ర - పరిశీలన

వ్యాససంగ్రహం

ఒక సాఫ్ట్‌వేర్ మూలరూపం నుంచి విడివడి స్వతంత్రంగా కొనసాగే రూపాన్ని ‘ఫోర్క్’ అంటారు. 2023లో ‘టెర్రాఫార్మ్’ లైసెన్సు మారడంతో పుట్టిన ‘ఓపెన్‌టోఫు’ ఇందుకు ఇటీవలి ప్రముఖ ఉదాహరణ. ప్రతిని చేసుకొనే హక్కు లైసెన్సు ద్వారా లభిస్తుంది. ఆ ప్రతి నిలిచేది పాఠచరిత్రను భద్రపరిచే నిత్య నిర్వహణ వల్ల అని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఫోర్క్, లైసెన్సు, మాతృక, పాఠచరిత్ర, విడుదల, ఓపెన్‌టోఫు.

1. ఉపోద్ఘాతం

మాతృక, ప్రతి, పాఠాంతరం అనే పదాలు తెలుగు పరిశోధకులకు సుపరిచితాలు. రెండు తాళపత్ర ప్రతులలో ఒకే పంక్తి కనిపించినంత మాత్రాన ఒకదానిని చూసి మరొకటి రాశారని పరిష్కర్త నిర్ణయించడు. రెండింటికీ పూర్వమైన మాతృక ఉన్నదేమో పరిశీలిస్తాడు. సాఫ్ట్‌వేర్ కూడా వ్రాతప్రతే. అనేకులు రాసి, దిద్ది, విడుదల చేసే ఈ పాఠానికీ వంశవృక్షం ఉంటుంది. ఆ వంశవృక్షం న్యాయవివాదంలో సాక్ష్యంగా నిలిచిన సందర్భం ఓపెన్‌టోఫు చరిత్రలో ఉంది.

2. లైసెన్సు మార్పు - ఫోర్క్ ఆవిర్భావం

క్లౌడ్‌లో సర్వర్లు, నెట్‌వర్కులు, నిల్వస్థలాలు అద్దెకు దొరుకుతాయి. వాటిని ఒక్కొక్కటిగా చేతితో అమర్చే బదులు, కావలసిన అమరికను ఒక ఫైలులో రాస్తే దాని ప్రకారం నిర్మించే సాధనం టెర్రాఫార్మ్. హాషికార్ప్ సంస్థ దీనిని 2014లో మొజిల్లా పబ్లిక్ లైసెన్స్ 2.0 కింద విడుదల చేసింది. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచవచ్చు అన్న భరోసాతో అనేక సంస్థలు దీనిపై తమ సేవలను నిర్మించుకొన్నాయి.

2023 ఆగస్టు 10న హాషికార్ప్ తన భావి విడుదలలను బిజినెస్ సోర్స్ లైసెన్స్ 1.1 కిందకు మార్చింది. మూలపాఠం అందరికీ కనబడుతుంది కాని, హాషికార్ప్‌తో పోటీపడే సేవలకు దానిని వాడరాదు. ఒక్కొక్క విడుదల నాలుగేళ్ల తర్వాతనే పాత లైసెన్సు కిందకు వస్తుంది. తమ పెట్టుబడితో తయారైన సాధనంతో ఇతరులు లాభపడుతున్నారన్నది సంస్థ వాదం. సమష్టి కృషితో పెరిగిన పాఠానికి ఒక్కరే హద్దులు గీస్తున్నారన్నది వాడుకరుల వాదం.

అయితే కొత్త లైసెన్సు గతానికి వర్తించదు. గ్రంట్‌వర్క్, స్పేస్‌లిఫ్ట్, హార్నెస్, ఎన్వ్‌జీరో, స్కేలర్ మొదలైన సంస్థలు కలిసి పాత లైసెన్సు కింద ఉన్న చివరి పాఠాన్ని మాతృకగా తీసుకొన్నాయి. మొదట ‘ఓపెన్‌టీఎఫ్’ అన్న ఈ ఫోర్క్ 2023 సెప్టెంబరు 20న ఓపెన్‌టోఫు అనే పేరుతో లినక్స్ ఫౌండేషన్‌లో చేరింది.

3. నిర్వహణ, విడుదల

పాఠాన్ని ప్రతి తీయడం క్షణాల పని. దానిని విడుదలకు సిద్ధం చేయడానికి నెలలు పట్టింది. టెర్రాఫార్మ్ అన్నది వ్యాపారచిహ్నం కనుక ఆదేశం పేరును ‘టోఫు’గా మార్చవలసి వచ్చింది. అనుబంధ భాగాలను అందించే పాత రిజిస్ట్రీ నిబంధనలు మారడంతో సొంత రిజిస్ట్రీని నెలకొల్పుకోవలసి వచ్చింది. ఆల్ఫా, బీటా దశలు దాటి 1.6 స్థిర విడుదల 2024 జనవరి 10న వెలువడింది. పాత ఫైళ్లను అలాగే నడిపించడం దాని ప్రధాన లక్ష్యం.

అంతకంటే కష్టమైన నియమం మరొకటి ఉంది. లైసెన్సు మారిన తర్వాత టెర్రాఫార్మ్‌లో చేరిన కోడ్‌ను, అది చిన్న దోష సవరణ అయినా, ఓపెన్‌టోఫు తీసుకోరాదు. ఉభయపాఠాలలోనూ ఉన్న లోపాన్ని ఇక్కడ స్వతంత్రంగా సవరించుకోవలసిందే.

4. పాఠచరిత్రే సాక్ష్యం

2024 ఏప్రిల్‌లో ఈ నియమానికి పరీక్ష ఎదురైంది. ‘రిమూవ్డ్’ అనే సౌకర్యం విషయంలో తమ కొత్త కోడ్‌ను కాపీ చేశారని హాషికార్ప్ న్యాయపరమైన నోటీసు పంపింది. ఓపెన్‌టోఫు ఆ ఆరోపణను తిరస్కరిస్తూ, కోడ్ పుట్టుకను వివరించే విశ్లేషణను ఏప్రిల్ 11న ప్రకటించింది. ఆ కోడ్ పాత లైసెన్సు కింద ఉన్న పూర్వభాగం నుంచి వచ్చిందనీ, హాషికార్ప్ కూడా అదే భాగాన్ని ఆధారం చేసుకొన్నట్లుందనీ దాని వాదం. పరిష్కర్త భాషలో చెప్పాలంటే, పాఠసామ్యానికి కారణం ఉమ్మడి మాతృక. తాళపత్రంలో లేఖకుడి పేరు, కాలం తరచుగా లుప్తమవుతాయి. ‘గిట్’ అనే సాధనంలో ప్రతి మార్పుకూ కర్త, తేదీ నమోదై ఉంటాయి. ఈ నమోదు లేకపోతే అటువంటి వాదానికి ఆధారమే ఉండదు.

ఆ నెలాఖరున వెలువడిన 1.7 విడుదలలో, రహస్య వివరాలు ఉండే స్థితి ఫైలును సంకేతీకరించే సౌకర్యం చేరింది. వాడుకరులు చాలాకాలంగా కోరుతున్న సౌకర్యమిది. 1.8లో ‘.టోఫు’ అనే ప్రత్యేక ఫైలు గుర్తింపు వచ్చింది. మాతృకతో పొత్తు తెంచుకోకుండానే ఫోర్క్ తన మార్గం ఏర్పరచుకొన్నదనడానికి ఇవి నిదర్శనాలు.

5. ముగింపు

- లైసెన్సు మార్పు భావి పాఠాలకే వర్తిస్తుంది. అప్పటికే వెలువడిన పాఠంపై ప్రజలకున్న హక్కు చెక్కుచెదరదు.
- ఫోర్క్‌ను నిలబెట్టడానికి పేరు, రిజిస్ట్రీ, విడుదల క్రమం, దోష సవరణ అనే నిరంతర బాధ్యతలను వహించే వ్యవస్థ కావాలి.
- హాషికార్ప్‌ను 2025 ఫిబ్రవరిలో ఐబీఎం సొంతం చేసుకొంది. మూలపాఠం యాజమాన్యం చేతులు మారినా ఫోర్క్ ఫౌండేషన్ ఆశ్రయంలో కొనసాగుతోంది.
- కోడ్‌లోని ప్రతి పంక్తి పుట్టుకను నమోదు చేయడం సమష్టి పాఠానికి రక్షణ. మన పాఠపరిష్కరణ శాస్త్రం తాళపత్రాల విషయంలో ఈ శ్రద్ధనే కోరింది. డిజిటల్ పాఠాల అధ్యయనంలో తెలుగు పరిశోధకులు ఆ అనుభవాన్ని వినియోగించుకోవలసి ఉంది.