తళ్లికోట సమరమునకు ముందువెనుకలు

క్రీ. శ. 1565 జనవరి 23వ తేదీని కృష్ణానదికి దక్షిణమున జరిగిన సంగ్రామము తళ్లికోట యుద్ధమని ప్రసిద్ధము. దానిని రెండు మతముల పోరాటముగా వర్ణించుట చిరకాలమునుండి యాచారమైనది. అంతకుముందు రెండు దశాబ్దములలో నెవ్వ రెవ్వరితో సంధి చేసికొనిరో వరుసగా బరిశీలించినచో నా వర్ణనము నిలువదు.

బహమనీరాజ్యము విచ్ఛిన్నమైన పిమ్మట అహమ్మదునగరము, బిజాపురము, గోలకొండ, బీదరు, బిరారు నను నైదు రాజ్యము లేర్పడెను. వీనికి దక్షిణమున విజయనగరము. కృష్ణాతుంగభద్రల నడిమి రాయచూరు సీమకై విజయనగర బిజాపురములకును, కల్యాణి షోలాపురములకై బిజాపుర అహమ్మదునగరములకును దీర్ఘవైరము. పొరుగురాజు శత్రువనియు, ఆ శత్రువున కావలి పొరుగువాడు మిత్రమనియు కౌటిల్యుడు నిరూపించిన మండలస్వరూప మిందు స్పష్టముగా గానవచ్చును.

సదాశివరాయల కాలమున రాజ్యభారము వహించిన అళియ రామరాయ లీ వైరములనే తన బలముగా జేసికొనెను. తొలుత అహమ్మదునగరముతో గూడి రాయచూరు, ముద్గల్లు దుర్గములను బిజాపురమునుండి గైకొనెను. అలీ ఆదిల్‌షా పట్టమునకు వచ్చిన పిమ్మట బక్షము మార్చి, బిజాపురముతో గూడి అహమ్మదునగరముపై దండెత్తెను. రామరాయలకు బుత్రశోకము గలిగినపుడు అలీ స్వయముగా విజయనగరమునకు బోయి పరామర్శించెనని ఫెరిష్తా వ్రాసినాడు. గోలకొండ ప్రభువైన ఇబ్రహీం కుతుబ్‌షాయు 1543 మొదలు 1550 వఱకు విజయనగరమున శరణుపొందినవాడే. ఆంధ్రకవులు మల్కిభరాముడని కొనియాడిన యీతనికే అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానము నంకిత మొసగెను.

ఒకనితో సంధియు, వేఱొకనితో విగ్రహమును నేకకాలమున నెఱపుట షాడ్గుణ్యమున ద్వైధీభావ మనబడును. రామరాయల నీతి యదియే. సముద్రతీరమునను ఆతడు దానినే ప్రయోగించెను. 1547వ సంవత్సరమున బోర్చుగీసువారితో జరిగిన యొడంబడికనుబట్టి గోవాలో దిగిన అరబ్బు, పారసీక హయములను విజయనగరమునకే విక్రయింపవలెను, బిజాపురమున కీయరాదు. విజయనగర వర్తకులు తమ సరకులను బోర్చుగీసు వారున్న రేవులకే తరలింపవలెను. అశ్వబలమే సేనకు బ్రాణమైన కాలమున నిట్టి నియమము వర్తకము గాదు, యుద్ధమే.

కాని మిత్రుని నమ్మిక నిలిచినంతవఱకే ద్వైధీభావము ఫలించును. తోడ్పాటునకు మూల్యముగా దుర్గములను గొనుచు వచ్చుటచే రామరాయలు మిత్రులను గూడ భయపెట్టెను. గోలకొండవారు పానుగల్లు, కోవిలకొండ, ఘనపురము లను దుర్గములను గోల్పోయిరి. అంతట 1564లో బద్ధవైరులు బంధువులైరి. హుసేను నిజాంషా తన కూతురు చాందుబీబీని అలీ కిచ్చి, ఏండ్ల తరబడి రక్తము చిందింపజేసిన షోలాపురమునే యరణముగా నొసగెను. అలీ సోదరిని హుసేను కుమారుడు పెండ్లాడెను. గోలకొండ, బీదరు రాజ్యములును వారితో గలిసెను. బిరారు మాత్రము చేరలేదు. ఏకమతమే యైక్యమునకు హేతువైనచో బిరా రేల తొలగియుండెను?

ఫెరిష్తా మతావమానములను గారణముగా బేర్కొనుట నిజము. ఆతడు బిజాపుర ప్రభువు నాశ్రయించి, యుద్ధానంతరము దశాబ్దములకు వ్రాసినవాడు. పరస్పర విరుద్ధములైన యా పూర్వసంధులన్నియు నాతని గ్రంథముననే యున్నవి. మతము సేనలకు నుత్సాహము గల్పించి యుండవచ్చును. సంధికి మూలము మాత్రము భయము.

రామరాయలు హతుడయ్యెను. తిరుమలరాయలు పెనుగొండకు దరలెను. 1567లో విజయనగరమునకు వచ్చిన వెనిసువాడు సీజరు ఫ్రెడరికు, హయములను దెచ్చిన వర్తకులకు మూల్యము ముట్టలేదనియు, మార్గములు చోరభయాకులములనియు వ్రాసినాడు. రాజధానిని నమ్ముకొన్న గోవా వర్తకము క్షీణించెను. కాలక్రమమున గోలకొండ రేవైన మచిలీపట్టణము వృద్ధిచెందెను. 1611లో నాంగ్లేయు లచట వర్తకస్థానము నెలకొల్పిరి. పశ్చిమతీరపు లక్ష్మి కొంత తూర్పునకు మరలెను.

విజేతల మైత్రియు నిలువలేదు. 1570లో బిజాపుర అహమ్మదునగరములు గోవా, చౌలు రేవులను ముట్టడించి విఫలమయ్యెను. 1574లో అహమ్మదునగరము బిరారును గబళించెను. పిదప మొగలులు 1600లో అహమ్మదునగరమును, 1686లో బిజాపురమును, 1687లో గోలకొండను వశపఱచుకొనిరి. ఉత్తరమునుండి వచ్చిన యా ప్రవాహము నాపుటకు దక్షిణమున నొక మహాబల మవసరమైనపుడు, దానిని దామే కూల్చియుండిరి.

నిమిత్తము తొలగినచో నైమిత్తికమును దొలగునని శాస్త్రమర్యాద. రామరాయల భయము నిమిత్తముగా బుట్టిన సంధి యాతనితోడనే యంతరించెను. పొరుగు రాజ్యముల మైత్రికి భయముకంటె స్థిరమైన ప్రయోజన ముండవలెననుటకు దక్షిణాపథ చరిత్రమున నింతకంటె స్పష్టమైన యుదాహరణ మరుదు.