స్వీడన్, ఐరోపా సమాఖ్యలలో జీవద్రవ్య శక్తి వినియోగం

కలప, పంట వ్యర్థాలు, పేడ, చెత్తలోని సేంద్రియ పదార్థం వంటివాటిని జీవద్రవ్యమనీ, వాటిని మండించిగాని పులియబెట్టిగాని పొందే శక్తిని జీవద్రవ్య శక్తి అనీ అంటారు. ఐరోపా సమాఖ్య వాడే పునరుత్పాదక శక్తిలో సగానికి పైగా ఇదే. అయితే అంతిమ వినియోగంలో, అంటే గృహాలు, పరిశ్రమలు, రవాణా రంగం చివరకు వాడుకొనే శక్తిలో, దీని వాటా సమాఖ్య మొత్తం మీద పదో వంతుకు అటూఇటూగా ఉండగా, స్వీడన్‌లో మూడో వంతును దాటింది.

చారిత్రక నేపథ్యం

1970లో స్వీడన్ శక్తి సరఫరాలో సుమారు 75 శాతం చమురే కావడంతో, 1973, 1979 సంవత్సరాల చమురు సంక్షోభాలు ఆ దేశాన్ని గట్టిగా కుదిపి, స్వదేశీ ఇంధనాల వైపు మళ్లించాయి. 1980లో దక్షిణ స్వీడన్‌లోని వెక్షో పట్టణం, ఒకేచోట నీటిని కాచి భూగర్భ గొట్టాల ద్వారా ఇళ్లకు వేడిని పంపే తన తాపన వ్యవస్థలో చమురుకు బదులు చెక్కపేళ్లను వాడడం మొదలుపెట్టింది. 1991లో శిలాజ ఇంధనాలపై, అవి వెలువరించే ప్రతి కిలో కార్బన్ డయాక్సైడుకు 25 ఓరెల (పావు స్వీడిష్ క్రోనా) చొప్పున పన్ను విధించి, జీవద్రవ్యాన్ని దాని నుంచి మినహాయించడంతో, తాపన కేంద్రాలకు కలప వ్యర్థాలే చవక ఇంధనమయ్యాయి.

కాగితపు గుజ్జు పరిశ్రమ ఈ వినియోగానికి మరో మూలస్తంభం. చెక్కపేళ్లను రసాయనాలతో ఉడికించి నారను వేరుచేశాక, కలపలో నారలను అతికించి ఉంచే లిగ్నిన్ అనే పదార్థంతో నిండిన నల్లని ద్రవం మిగులుతుంది. చక్కెర మిల్లు చెరకు పిప్పితో బాయిలరును నడుపుకొన్నట్లే, గుజ్జు మిల్లు ఈ ద్రవాన్ని చిక్కబరచి మండించి ఆవిరిని, విద్యుత్తును పొందడమేగాక, ఉడికించడానికి వాడిన రసాయనాలను కూడా తిరిగి రాబట్టుకొంటుంది.

సమాఖ్య విధానాలు

స్వీడన్ 1995లో సమాఖ్యలో చేరింది. రవాణా ఇంధనాలలో జీవ ఇంధనాల వాటా 2010 నాటికి 5.75 శాతానికి చేరాలని 2003 నాటి ఆదేశం సూచించగా, 2009 నాటి ఆదేశం 2020 నాటికి పునరుత్పాదక శక్తి వాటా సమాఖ్యకు 20 శాతం, స్వీడన్‌కు 49 శాతం ఉండాలని లక్ష్యాలు నిర్ణయించింది. 2020లో ఆ వాటాలు వరుసగా సుమారు 22, 60 శాతాలకు చేరాయి.

పోలికలో గమనించవలసినవి

మొత్తం పరిమాణాన్ని బట్టి చూస్తే జర్మనీ వంటి పెద్ద దేశాలు ముందుంటాయి; తలసరి వినియోగాన్ని లెక్కిస్తే స్వీడన్, ఫిన్లాండ్ అగ్రస్థానాలకు వస్తాయి. స్వీడన్ భూభాగంలో దాదాపు మూడింట రెండు వంతులు అడవే కాగా, సమాఖ్య సగటు సుమారు 40 శాతం. అయినా అడవి ఒక్కటే ఈ ఆధిక్యానికి కారణం కాదు. కలపను కోసే మిల్లులు, వాటి వ్యర్థాలను కొనే తాపన కేంద్రాలు, చమురును ప్రియం చేసిన పన్ను ఒకదానికొకటి తోడై దశాబ్దాలపాటు నిలిచినందువల్లనే అది సాధ్యమైంది.

నరికి మండించిన చెట్టు విడుదల చేసిన కార్బన్‌ను కొత్త చెట్టు తిరిగి పీల్చుకోవడానికి ఏళ్లు పడుతుంది కనుక, కలప ఇంధనానికి సుస్థిరతా నిబంధనలు అవసరమయ్యాయి. 2018 నాటి ఆదేశం వాటిని పెద్ద తాపన, విద్యుత్ కేంద్రాలు వాడే ఘన జీవద్రవ్యానికి వర్తింపజేయగా, 2023 నాటి సవరణ వాటిని మరింత కఠినం చేసింది. అందువల్ల రెండు ప్రాంతాలను పోల్చేటప్పుడు ఎంత జీవద్రవ్యం వాడారన్నదానితోపాటు, అది మిల్లు వ్యర్థమా, ఇంధనం కోసమే నరికిన చెట్టా అన్నది కూడా లెక్కలోకి రావాలి.