పండితుడు మరచాడు, ప్రజలు మరువలేదు

మార్కు సువార్త 7వ అధ్యాయములో 'పెద్దల పారంపర్యాచారము' అనే మాట చదవగానే, యూదులు ఆచారాలు పట్టుకొని వేలాడేవారని మనం తీర్పు తీర్చేస్తాం. అయితే వారికి ఆచారమంటే ఏమిటో వారి చరిత్రలోనుండే ఈ రోజు తెలుసుకుందాం.

వారికి మొదటి ఆధారం మోషే ధర్మశాస్త్రము. దానితోపాటు నోటిమాటగా వచ్చిన బోధ కూడా ఉన్నదని రబ్బీలు నమ్మారు. క్రీ.శ. 70లో దేవాలయం కూలిపోయింది. సుమారు 200లో రబ్బీ యూదా ఆ బోధను 'మిష్నా'గా కూర్చాడు. దానిమీద తరతరాల పండితుల చర్చలే 'తల్మూదు'. ఇవిగాక మరొకటి ఉంది, అది ప్రజల వాడుక. హెబ్రీలో దానిని 'మిన్‌హాగ్' అంటారు.

తల్మూదులో ఒక సంగతి ఉంది. ఒక ఏడు పస్కా పశువును వధించవలసిన దినము విశ్రాంతి దినమున వచ్చింది. వధించవచ్చునా? పెద్దలకు తెలియలేదు. బబులోనునుండి వచ్చిన హిల్లేలు లేఖనాలు చూపి, వధించవచ్చునన్నాడు. వెంటనే ఆయనను అధిపతిని చేశారు. ఆయనేమో, మీరు గురువులయొద్ద శ్రద్ధగా నేర్చుకోలేదని వారిని మందలించసాగాడు. అంతలో వారడిగారు: కత్తిని ముందురోజే తెచ్చిపెట్టుకోవడం మరచినవాడు ఏం చేయాలి? హిల్లేలుకు జవాబు గుర్తు రాలేదు! విన్నాను గాని మరచిపోయానని ఒప్పుకొని, ప్రజలేం చేస్తారో చూడండి అన్నాడు. మరునాడు గొఱ్ఱెపిల్లను తెచ్చినవాడు దాని బొచ్చులోను, మేకపిల్లను తెచ్చినవాడు దాని కొమ్ముల మధ్యను కత్తి గుచ్చి తోలుకొచ్చారు. అది చూచి హిల్లేలుకు తన గురువుల బోధ జ్ఞాపకం వచ్చింది. పండితుడు మరచినదానిని సామాన్యుల చేతులు భద్రపరచాయి.

ఆచారం ప్రాంతాన్నిబట్టి మారుతుంది కూడా. పస్కా దినాలలో పులిసినది తినకూడదు. మరి వరి అన్నం? 1565లో వెనిసులో అచ్చయిన యోసేపు కారో ధర్మసంగ్రహం, 'సిద్ధపరచిన బల్ల', దానిని అనుమతించింది. పోలాండులోని క్రాకోవ్ రబ్బీ మోషే ఇస్సెర్లెస్ దానికి 'బల్లగుడ్డ' అనే వివరణ జోడించి, మా ప్రాంతాల్లో తినకపోవడమే ఆచారమని వ్రాశాడు. ఒకే గ్రంథములో ఆ రెండు మాటలూ పక్కపక్కనే అచ్చవుతూ వచ్చాయి.

అలాగని ప్రతి ఆచారానికీ వారు తల వంచలేదు. 'మిన్‌హాగ్' అక్షరాలు తిరగవేస్తే 'గెహిన్నోము' అవుతుందని, అంటే చెడ్డ ఆచారం నరకమని, 12వ శతాబ్దపు ఫ్రాన్సు పండితుడు రబ్బేను తామ్ పేరిట ఒక మాట ఉంది.

యేసు ప్రభువు 'కొర్బాను' విషయమై గద్దించినదీ ఇటువంటిదానినే. తలిదండ్రులను ఆదుకోకుండా తప్పించుకొనే సాకుగా మారిన ఆచారమది. ప్రియులారా, చెప్పులు ఎక్కడ విడవాలి, ముసుగు ఎలా వేసుకోవాలి అని మన సంఘాలు చీలిపోయే ముందు ఒక్క ప్రశ్న వేసుకుందాం: ఈ ఆచారం ఆజ్ఞను మోస్తున్నదా, మూసేస్తున్నదా? దేవుడు మనకు వివేచన దయచేయును గాక. ఆమేన్.