గర్భాశయ ముఖద్వార క్యాన్సరు: చేతి స్పర్శ నుండి ఎం.ఆర్.ఐ. వరకు

పన్నెండేండ్లు రక్తస్రావముతో బాధపడిన స్త్రీ, జనసమూహములో వెనుకగా వచ్చి ప్రభువు వస్త్రపు చెంగును ముట్టిన సంగతి మనమందరము ఎరిగినదే. ఆమె బిడియము నేటికీ మన యిండ్లలో ఉన్నది. పురుష వైద్యులకు చూపించుకొనలేక స్త్రీలు మరణిస్తున్న దినములలో, 1883లో గుంటూరుకు డాక్టర్ అన్నా కుగ్లర్ వచ్చారు. 1900లో వేలూరులో డాక్టర్ ఐడా స్కడ్డర్ ఒక్క మంచముతో వైద్యము ఆరంభించారు. వారి పరిచర్యను స్మరిస్తూ, మన సహోదరీలు పైకి చెప్పుకొనని ఈ వ్యాధి చరిత్రను ఇక్కడ వ్రాస్తున్నాము.

1929లో నానాజాతి సమితి ఆధ్వర్యమున ఈ క్యాన్సరును నాలుగు దశలుగా విభజించారు. వ్యాధి ముఖద్వారములోనే ఉన్నదా, ప్రక్కలకు ప్రాకినదా అన్నది ముఖ్యముగా వైద్యుల చేయి చెప్పవలసినదే. చిన్నదై లోపలనే ఉంటే శస్త్రచికిత్స. ప్రక్కలకు ప్రాకితే రేడియేషను, దానితోపాటు మందులు. చేయి పొరబడితే రోగి ఆపరేషను బాధ, ఆపైన రేడియేషను బాధ, రెండూ పడవలసి వచ్చేది.

1973లో పాల్ లాటర్‌బర్ అయస్కాంత శక్తితో చిత్రము తీయు మార్గము చూపారు. ఆయనకును, దానిని వృద్ధిచేసిన పీటర్ మాన్స్‌ఫీల్డుకును 2003లో నోబెల్ బహుమానము లభించింది. ఇందులో ఎక్స్‌రే కిరణములు లేవు. ముఖద్వారపు గట్టి కణజాలము నల్లని వలయమువలె, క్యాన్సరు దానికంటె తెల్లగా కనిపిస్తాయి. వలయము చెదరక నిలిచి ఉంటే వ్యాధి ప్రక్కకు ప్రాకలేదని చాలావరకు నమ్మవచ్చు. గడ్డ 2 సెంటీమీటర్లా, 4 సెంటీమీటర్లా అన్న కొలత కూడ తెలుస్తుంది.

అయినను, ఈ వ్యాధి హెచ్చుగా ఉన్న బీద దేశములలో యంత్రములు కొరవైనందున, దశల నిర్ణయము చాలాకాలము చేతి పరీక్షపైనే ఆధారపడింది. 2018లో మాత్రమే స్త్రీ వైద్యుల అంతర్జాతీయ సమాఖ్య స్కానింగు చిత్రములను లెక్కలోనికి తీసుకొన్నది. యంత్రము లేనిచోట చేతి పరీక్ష నేటికీ చెల్లుతుంది.

ఎం.ఆర్.ఐ.కిని హద్దులున్నవి. కంటికందని సూక్ష్మ వ్యాప్తిని అది చూపలేదు. క్యాన్సరు అవునో కాదో తేల్చేది ముక్క తీసి చేసే పరీక్షయే. అంతకు ముందే వ్యాధిని కనిపెట్టు సులభ పరీక్షలు, బాలికలకు టీకా నేడు ఉన్నవి. ఎంత గొప్ప యంత్రమైనను, ఆసుపత్రి గడప త్రొక్కని స్త్రీకి ఏమి మేలు చేయగలదు? అకాల రక్తస్రావము, దుర్వాసనగల తెల్లబట్ట దాచదగిన సంగతులు కావు. 30 ఏండ్లు దాటిన ప్రతి సహోదరిని పరీక్షకు తోడుకొనిపోవుట మన స్త్రీల మైత్రి సమాజములు ఈ శతవత్సరమున చేపట్టదగిన పరిచర్య అని మనవి చేస్తున్నాము.